కృష్ణవేణమ్మ కట్టిన కరెంటు బిల్లు

కృష్ణవేణమ్మ గొంతు ఆ ఊళ్ళో ఎవరికైనా గుర్తే. మైదుకూరు రోడ్డుకు కొంచెం లోపలగా ఉంటుంది వాళ్ళ పల్లె. ఇంటి ముందు రేకుల కొట్టంలో పిండిమిల్లు. పిండికి ఒక మిషను, కారానికి ఒక మిషను. జొన్నలు, రాగులు, మిరపకాయలు, పసుపుకొమ్ములు, ఎవరు ఏది తెచ్చినా ఆడించి పంపుతుంది. పెళ్ళయి వచ్చిన కొత్తలో ఆమె మాట పక్కనున్నవాళ్ళకు కూడా వినపడేది కాదట. మిల్లు మోతలో మాట్లాడీ మాట్లాడీ గొంతు పెరిగింది. ఇప్పుడు మిల్లు ఆగినా అదే గొంతు. గుసగుస అనేది ఆమెకు చేతకాదు.

ఆమెకున్న పట్టుదల ఒక్కటే. ఎవరికీ బాకీ ఉండకూడదు. పాలావిడకు ఒకటో తేదీన, చీటీకి పాట రోజున, కరెంటు బిల్లు అయితే కాగితం చేతికొచ్చిన రోజునే. ఈ పట్టుదల ఊరికే రాలేదు. ఆమె పుట్టినూరు పోరుమామిళ్ళ పక్కన. చిన్నప్పుడు వానలు రాని ఏడాది అప్పిచ్చినాయన వచ్చి వాళ్ళ అరుగు మీద కూర్చున్నాడు. తండ్రి పెరట్లో గడ్డివామి వెనక దాక్కుని, "నాయన లేడని చెప్పు పాపా" అని కూతుర్ని ముందుకు పంపాడు. ఆ పిల్ల వచ్చి అలాగే చెప్పింది. ఆయన కోప్పడలేదు. నవ్వాడు. "సరేలే పాపా, వామి ఎనకాల తువ్వాల కనిపిస్తాండాది, దాన్ని లోపలికి లాక్కోమని చెప్పు" అన్నాడు. ఆ నవ్వు కృష్ణవేణమ్మ ఈనాటికీ మరిచిపోలేదు.

ఇంట్లో మీటర్లు రెండు. మిల్లు మీటరు బిల్లు భర్త సుబ్బయ్యది, ఇంటి మీటరు బిల్లు తనది. ఇంటి మీటరు మామగారి పేరు మీద ఉంది. ఓబుళేశు అనే ఆ పెద్దాయన పోయి చాలాకాలమైంది గానీ పేరు మార్పించాలని ఎవరికీ తోచలేదు. నెలనెలా ఆమె బస్సెక్కి మైదుకూరు పోయి, వరసలో నిలబడి బిల్లు కట్టి, వచ్చేటప్పుడు పావుకేజీ మిక్చరు తెచ్చుకునేది. కోడలు యామిని కాపురానికి వచ్చాక ఆ ప్రయాణం చాలించమంది. ఫోన్లో ఎలా కట్టాలో నేర్పింది.

"సర్వీసు నంబరు కొట్టినాక పేరొస్తాది అత్తా. తాత పేరేనా కాదా చూసుకోని నొక్కు. అంతే."

"ఇంత సులువా? మరి ఇన్నాళ్ళూ నా కాళ్ళు ఎందుకు అరగదీసుకున్నట్టు?"

నేర్పిన కొద్దిరోజులకే యామిని కాన్పుకు పుట్టింటికి పోయింది. కొడుకు భూపేష్ ప్రొద్దుటూరులో బట్టల కొట్టులో పని చేస్తాడు, వారానికొకసారి వస్తాడు. కాబట్టి ఆ నెల బిల్లు రాగానే కృష్ణవేణమ్మ ఒక్కతే కూర్చుంది. కళ్ళద్దాలు సర్దుకుంది. ఒక్కో అంకే పైకి చదువుకుంటూ కొట్టింది. పేరు ఇంగ్లీషులో వచ్చింది. ఆమెకు ఇంగ్లీషు పెద్దగా రాదు. మొదట ఇంగ్లీషు 'ఓ' కనిపించింది, పక్కనే 'బీ' కనిపించింది. ఓబుళేశే. మామగారికి మనసులోనే దండం పెట్టుకుని నొక్కేసింది. తెర మీద పచ్చగా టిక్కు పడింది.

ఇంకో సంతోషం ఏమిటంటే, చేతిలోని కాగితంలో ఉన్నదానికంటే ఫోను చాలా తక్కువ అడిగింది. ఫోన్లో కట్టేవాళ్ళకు తగ్గిస్తారు కాబోలనుకుంది. మరుసటి రోజు మిల్లుకొచ్చిన ప్రతి ఒక్కరికీ చెప్పింది.

"ఆడిదాకా పోయి వరసలో నిలబడేవాళ్ళకు ఎక్కువ, ఇంట్లో కూర్చోని నొక్కేవాళ్ళకు తక్కువ. కాలం ఇట్లుండాది మే."

రెండో నెల కాగితం చూస్తే బిల్లు రెట్టింపు దాకా ఉంది. ఆమె ఆ కాగితాన్ని సుబ్బయ్య ముఖం ముందు ఆడించింది. "పగలంతా ఫ్యాను కింద పొర్లాడితే ఇంత రాక ఏమొస్తాది?" అంది. సుబ్బయ్య లేచి ఫ్యాను ఆపి, మంచం వేపచెట్టు కిందికి మార్చుకున్నాడు. తీరా ఫోన్లో పోయిన నెల కొట్టిన నంబరే కనిపిస్తే దాన్నే నొక్కింది, అది మళ్ళీ కొంచెమే అడిగింది. ఆమె ఆనందానికి అంతులేదు. సుబ్బయ్యకు మాత్రం ఆ ఎండాకాలమంతా చెట్టు కిందే గడిచింది.

వానలు మొదలయ్యే వేళకు యామిని చంటిపిల్లను ఎత్తుకుని వచ్చింది. కాన్పు కష్టమవుతుందని డాక్టర్లు ముందునుంచీ బెదిరిస్తూ వచ్చారు గానీ, చివరికి తల్లీ బిడ్డా చల్లగా బయటపడ్డారు. మనవరాలికి తలనిండా జుట్టు. కృష్ణవేణమ్మ మిల్లుకు వచ్చినవాళ్ళనందరినీ ముందు ఇంట్లోకి పంపి, పిల్లను చూపించి, ఆ తర్వాతే మిరపకాయలు తూకం వేసేది.

అలా ఉండగా ఒకనాడు ఫోను కుయ్యిమంది. పిల్లను జోకొడుతూనే యామిని అందుకుని చూసింది.

"అత్తా, కరెంటోళ్ళ కాడినుంచి వచ్చింది. మన ఇంటి బిల్లు బకాయి ఉందంట. వెంటనే కట్టకపోతే సరఫరా ఆపేస్తామంటాండారు."

మిల్లులో ఎవరివో రాగులు నలుగుతున్నాయి. కృష్ణవేణమ్మ మిల్లు ఆపేసింది. వరసలో ఉన్న ఆడవాళ్ళు తలలెత్తారు.

"బకాయా? నాకా?"

"ఆ మాటే రాసినారు అత్తా."

"నేను కట్టినా. పచ్చ టిక్కు పడింది. నా కండ్లతో చూసినా."

ఆ పూటంతా ఆమెకు అన్నం దిగలేదు. ఎదురింటి వరమ్మ మామూలుగా నవ్వినా, ఆ నవ్వులో ఏదో ఉందనిపించింది. మర్నాడు పొద్దున్నే లైన్‌మన్ ఏసన్న సైకిలు గోడకు ఆనించి లోపలికొచ్చాడు. ఆ చుట్టుపక్కల పల్లెలన్నీ ఆయన లైనులోవే. భుజాన తాడు, చేతిలో కటింగ్ ప్లేయరు. దాన్ని చూడగానే కృష్ణవేణమ్మ గడపకు అడ్డంగా నిలబడింది.

"ఏమప్పా ఏసన్నా, నువ్వు కూడా నన్ను బాకీదారునే అంటావా?"

"నేనేమీ అనలేదక్కా. లిస్టులో పేరుండాది. నీ ఇంట్లో కరెంటు పీకేదానికి నాకు చెయ్యి రాదు. అందుకే అడిగి పోదామని వచ్చినా."

"ఇదిగో, చూడు." ఫోను ఆయన చేతిలో పెట్టింది.

ఏసన్న చదివాడు. మళ్ళీ చదివాడు. కింద పెదవిని పంటితో పట్టుకుని నవ్వు ఆపుకుంటున్నాడు.

"అక్కా, నువ్వు కట్టిన మాట నిజమే. రెండు నెల్లూ కట్టినావు. కాకపోతే నీది కాదు. ఇది ఓబన్న ఇంటిది."

"ఓబుళేశు కదప్పా?"

"ఓబన్న. కాలవ అవతల కొట్టాలు లేవా, ఆడ ఉంటాడు. నంబర్లో ఒక అంకె తేడా పడింది. రెండు పేర్లూ ఇంగ్లీషులో ఓ, బీ తోనే మొదలాయె. నీ మొదటి నెల బకాయి రెండో కాగితంలో కలిసింది."

మంచం మీద కూర్చున్న సుబ్బయ్య నిదానంగా లేచాడు. "అయితే బిల్లు ఎక్కువొచ్చింది నా ఫ్యాను వల్ల కాదన్నమాట" అన్నాడు. జవాబు కోసం ఆగకుండా లోపలికి పోయి, ఫ్యాను వేసుకుని, దాని కింద కాళ్ళు బారజాపి పడుకున్నాడు.

కృష్ణవేణమ్మ ముందు చేయించిన పని, బకాయి మొత్తం కోడలి చేత కట్టించడం. ఈసారి పేరులోని ప్రతి అక్షరం చదివించుకుంది. ఆ తర్వాత గాని ఏసన్నకు మజ్జిగ ఇవ్వలేదు. ఆయన తాగి మూతి తుడుచుకుంటూ, "ఆఫీసులో అర్జీ పెట్టుకోవచ్చక్కా. లేదంటే నేరుగా ఓబన్ననే అడుగు. మంచోడే" అని చెప్పి పోయాడు.

"అర్జీలూ గిర్జీలూ నాకొద్దు. నేరుగా పోయి అడిగొస్తా" అంది ఆమె. మిల్లుకు సెలవు గనక ఆదివారం పొద్దున భార్యాభర్తలిద్దరూ టీవీఎస్ మీద బయల్దేరారు. కాలవలో నీళ్ళు ఇంకా వదల్లేదు. అటూ ఇటూ కొత్తగా దున్నిన ఎర్రచేలు. దోవ పొడుగునా కృష్ణవేణమ్మ ఏమని అడగాలో పైకే అనుకుంటూ వచ్చింది. "చూడు నాయనా, నేను పొరపాటున కట్టినా, మా దుడ్లు మాకిస్తే మా దోవన మేం పోతాం. ఇట్లంటే తప్పు లేదు గదా?" సుబ్బయ్య "ఊ" అంటూ బండి నడిపాడు.

కొట్టాలకు చేరితే ఇండ్లన్నీ తలుపులు దగ్గరకు వేసి ఉన్నాయి. ఊరంతా చర్చిలో ఉంది. సున్నం కొట్టిన చిన్న గది, ముందు రేకుల పందిరి, పందిరి స్తంభానికి మైకు. లోపల పాట అయిపోయింది. ఒకావిడ మాట్లాడడానికి లేచింది. ఆరాధన మధ్యలో పోవడం మర్యాద కాదని మొగుడూ పెళ్ళాం గోడ నీడన నిలబడ్డారు. మైకులో ఆమె మాట తేటగా వినపడుతోంది.

"మా ఇంటాయన ఓబన్న సంగతి మీకు తెలిసిందే గదా. మంగంపేటలో ముగ్గురాయి గనుల్లో చేసి చేసి నడుము పోగొట్టుకోని వచ్చె. ఎండాకాలంలో లేవనే లేకపాయె. బిల్లు కట్టేదానికి మా కాడ లేకుండె. కరెంటు పీకేస్తారు, ఈ ఎండల్లో మనిషి ఎట్లా తట్టుకుంటాడని నేను ఏడస్తాంటి. ఎవురో కట్టినారు. మళ్ళీ నెలా కట్టినారు. ఎవురని అడిగితే ఎవురికీ తెలీదు. ఆ ఫ్యాను కిందనే ఆయన లేచి కూర్చున్యాడు. ఈ పొద్దు నడిచి గుడికొచ్చినాడు."

లోపలినుంచి "స్తోత్రం, స్తోత్రం" అన్నారు జనం. ఆమె కొంచెం ఆగి, గొంతు సవరించుకుని ప్రార్థనలోకి దిగింది.

"తండ్రీ, ఆ కట్టిన చెయ్యి ఎవురిదో నీకు తెలుసు. ప్రతి ఆదివారం అడిగినట్టే ఈ పొద్దూ అడుగుతాండా. ఆ చెయ్యి సల్లగుండల్ల. ఆ ఇంట్లో చూలింతలు ఎవురన్నా ఉంటే కాన్పు సులువుగా అయ్యి, బిడ్డను ఎత్తుకోని నగుతా ఇంటికి రావల్ల."

కృష్ణవేణమ్మ గోడకు చెయ్యి ఆనించింది. ఆసుపత్రి వరండాలో కొడుకూ తానూ కూర్చున్న ఆ పగలు ఆమెకు కళ్ళముందుకు వచ్చింది. తెలిసిన దేవుళ్ళందరికీ ఆమె మొక్కుకుంది ఆ రోజు. తనకు తెలియని చోట, తెలియని మనుషులు కూడా తన ఇంటికోసం అడుగుతున్నారని మాత్రం అనుకోలేదు. కళ్ళు నిండాయి. తుడుచుకుందామనుకుంది గానీ కొంగు చేతికి దొరకలేదు.

సుబ్బయ్య ఆమె చెవి దగ్గరకు వంగి, "ఇప్పుడు పోయి ఏమని అడుగుతావు?" అన్నాడు.

"నువ్వు నోరు మూసుకోని ఉండు" అంది ఆమె. గుసగుసగానే అన్నాననుకుంది.

లోపల ప్రార్థన ఆగిపోయింది. తలకు కొంగులు కప్పుకున్న ఆడవాళ్ళంతా ఒక్కసారిగా గుమ్మం వైపు తిరిగారు. లేవి అనే పాస్టరు బయటికొచ్చాడు. నెరిసిన మీసాల పెద్దాయన.

"ఎవరమ్మా మీరు? బయటనే నిలబడినారేంది, లోపలికి రాండి."

చాప మీద ఆడవాళ్ళు జరిగి చోటిచ్చారు. సుబ్బయ్య మగవాళ్ళ వైపు కూర్చున్నాడు. "ఏ ఊరమ్మా, ఏం పని మీద వచ్చినారు?" అని లేవి అడిగాడు. ఏదో ఒకటి చెప్పి తప్పించుకుని పోవచ్చు. పసుపు కొనడానికి వచ్చామన్నా నమ్ముతారు. కానీ ఆమెకు మనసొప్పలేదు. వాళ్ళు దేవుణ్ణి తలచుకుని కూర్చున్న చోట అబద్ధం చెప్పడం ఆమె వల్ల కాదు. లేచి నిలబడింది. లేవి మైకు చేతికిచ్చాడు. మిల్లు గొంతుతో ఆమె మాట మొదలుపెట్టగానే మైకు కుయ్యోమని అరిచింది. పిల్లలు చెవులు మూసుకున్నారు. ఆమె మైకును పక్కవాళ్ళ ఒళ్ళో పెట్టేసి ఉత్త గొంతుతోనే మాట్లాడింది. కొట్టాలన్నిటికీ వినపడింది.

"ఆ బిల్లు కట్టింది నేనే. కానీ మీరనుకున్నట్టు ధర్మానికి కట్టలేదు తల్లీ. మా ఇంటి బిల్లు అనుకోని కట్టినా. అంకె తప్పు నొక్కినా. పేరులో ఓ, బీ చూసి మా మామ అనుకున్నా. ఇందులో నా మంచితనం ఏమీ లేదు. నాకు ఇంగ్లీషు రాకపోవడమే ఉంది. మీరు మొక్కినట్టే మా కోడలు బిడ్డను ఎత్తుకోని ఇంటికొచ్చింది. మీరు నాకోసం అన్ని ఆదివారాలు మొక్కుతాంటే, ఈ మాట చెప్పకుండా పోతే నాకు నిద్ర పట్టదు."

 ఇందాక ప్రార్థన చేసిన ఆవిడ, ఓబన్న భార్య విశ్వాసమ్మ, నవ్వడం మొదలుపెట్టింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నా ఆగలేదు.

"అమ్మా, నువ్వు తప్పే నొక్కినావు, ఒప్పుకుంటా. నంబర్లు ఎన్ని లేవు ఈ జిల్లాలో? నీ వేలు మా నంబరు మీదికే ఎందుకొచ్చింది? ఆ సంగతి చెప్పు నాకు."

 జీవితంలో కృష్ణవేణమ్మకు జవాబు తోచని సందర్భం అదొక్కటేనని సుబ్బయ్య ఇప్పటికీ చెబుతాడు. ఆమె కూడా నవ్వేసింది. దాంతో చర్చి అంతా నవ్వింది. లేవి నవ్వుతూనే ముగింపు ప్రార్థన చేశాడు, కళ్ళు మూసుకున్నవాళ్ళు ఎవరూ లేరు.

ఆ రోజు ఎవరిదో పిల్లవాడి పుట్టినరోజని పందిరి కింద భోజనాలు పెట్టారు. రాగిసంగటి, కోడికూర, చెనిక్కాయల పచ్చడి. ఆ కొట్టాల్లో తమ ఇంటివాళ్ళు విస్తరి ముందు కూర్చోవడం అంతకుముందు లేదు. కృష్ణవేణమ్మ అత్తగారి కాలంలో అయితే ఊహకు కూడా వచ్చేది కాదు. సుబ్బయ్య ఒకసారి భార్య వంక చూశాడు. ఆమె అప్పటికే వరసలో కూర్చుని, "ఈ పచ్చట్లో వెల్లుల్లి ఎవరు ఏసినారు, బాగుండాది" అని అడుగుతోంది. అతనూ కూర్చున్నాడు. రెండోసారి సంగటి అడిగి వేయించుకున్నది కూడా అతనే.

తిన్నాక ఓబన్న దగ్గరికొచ్చాడు. బక్కపలుచటి మనిషి, నడుము ఇంకా కొంచెం వంగే ఉంది. చూపు నేల మీద ఉంది.

"అమ్మా, నేను బాకీ ఉంచుకునే మనిషిని కాదు. ఇప్పుడైతే చేతిలో లేదు. పనికి పోతానే మీ ఇంటికొచ్చి ఇచ్చిపోతా. నా మాట నమ్మండి."

ఆ ముఖం చూడగానే కృష్ణవేణమ్మకు గడ్డివామి వెనకనుంచి లేచి వచ్చిన తన తండ్రి ముఖం గుర్తొచ్చింది. ఆ రోజు అప్పిచ్చినాయన పోయాక కూడా ఆయన చాలాసేపు ఎవరి కళ్ళలోకీ చూడలేదు.

"అన్నా, తల పైకెత్తు. నువ్వు నా కాడ తీసుకున్యావా? అడిగినావా? తప్పు నాది, నువ్వెందుకు వంగుతావు? దీన్ని నేను బాకీ అనను."

"మీరు అనకపోయినా నేను అనుకుంటా" అన్నాడు ఓబన్న. తల మాత్రం ఎత్తాడు. అందులో మొండితనం ఉంది. ఆమెకు అది బాగా నచ్చింది. ఎందుకంటే తాను ఆ చోట ఉన్నా అదే మాట అనేది.

"సరే, అయితే ఒక పని చెయ్యి. మా ఇంటికొచ్చి ఇచ్చేది వద్దు. నీకు వీలైనప్పుడు మా ఇంటి బిల్లు నువ్వు కట్టు. నేను నీది కట్టినట్టు. ఎప్పుడనేది నీ ఇష్టం."

ఓబన్న ఆలోచించాడు. విశ్వాసమ్మ వైపు చూశాడు. "ఇది బాగుండాది" అంది విశ్వాసమ్మ, భర్త కంటే ముందే.

సాయంత్రం ఇంటికి రాగానే యామిని ఎదురొచ్చి, "ఏమత్తా, ఇచ్చినారా?" అని అడిగింది.

"ఇచ్చినారు."

"ఎంత?"

కృష్ణవేణమ్మ ఉయ్యాలలోని మనవరాలి జుట్టు నిమిరింది. "ఎప్పుడో ఇచ్చేసినారంటమ్మే. మనకే తెలీలేదు" అంది. యామినికి ఆ మాట అర్థం కాలేదు. సుబ్బయ్య మొత్తం చెప్పాక ఆ పిల్ల కూడా చంటిదాన్ని ఉయ్యాలలోంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

ఓబన్న పసుపు విత్తే రోజుల్లో పనికి పోవడం మొదలుపెట్టాడు. బరువులు ఎత్తే పని కాదు, నీళ్ళు పెట్టే పని. ఆ నెల బిల్లు కాగితం వచ్చిన రోజు కృష్ణవేణమ్మ యథాప్రకారం కళ్ళద్దాలు పెట్టుకుని ఫోను ముందు కూర్చుంటే, కట్టవలసిందేమీ లేదని చూపించింది. అదే సమయానికి ఫోను మోగింది. విశ్వాసమ్మ.

"అక్కా, కట్టించేసినా. ఏసన్నను పక్కన కూర్చోబెట్టుకోని పేరు మొత్తం చదివించి మరీ కట్టించినా. ఓబుళేశే."

"నువ్వు నాకంటే తెలివైనదానివి."

"నీకంటే భయస్తురాల్ని. సరే గానీ అక్కా, బిడ్డను ఎప్పుడు చూపిస్తావు? ఈడ ఆడోళ్ళంతా అడుగుతాండారు. వాళ్ళు మొక్కిన బిడ్డంట, వాళ్ళు చూడొద్దా అంటాండారు."

ఆ గురువారమే పోయారు. మిల్లు తలుపు మూసేసి, "ఈ పూట లేదు, రేపు రాండి" అని సుబ్బయ్య చేత సుద్దముక్కతో రాయించింది. అత్తా కోడళ్ళు ఆటోలో, వెనక టీవీఎస్ మీద సుబ్బయ్య, అతని కాళ్ళ మధ్య కొత్తగా ఆడించిన కారంపొడి సంచి. కొట్టాల్లో పందిరి కింద చాపలు పరిచి ఉంచారు. విశ్వాసమ్మ చేతులు కడుక్కుని, కొంగుతో ఒత్తుకుని, పిల్లను అందుకుంది. ఆమె ఒడినుంచి ఇంకొకరి ఒడికి, అక్కడినుంచి మరొకరి ఒడికి పోయింది చంటిది. ఎవరి దగ్గరా ఏడవలేదు. ఒక ముసలావిడ ముక్కు చూసి తాత పోలిక అంది. సుబ్బయ్య మొహం వెలిగిపోయింది. కృష్ణవేణమ్మ కాదంటే కాదంది, తన పోలికేనంది. పందిరి కింద రెండు పక్షాలయ్యాయి. ఓబన్న సుబ్బయ్య పక్షం. విశ్వాసమ్మ కృష్ణవేణమ్మ పక్షం. వాదన ఎంతకీ తెగలేదు. అంతలో పిల్ల నోరంతా తెరిచి ఆవలించింది. అందరూ మాటలాపి, వంగి, ఆ బోసినోటి వైపు చూస్తూ కూర్చున్నారు.